సమస్య: వాది లేక గెలిచె వాదమెల్ల

నిర్వాహకుడు: ఈసారి ఆటవెలది, అంటే నాలుగు పాదాల పద్యం, ఆఖరి పాదం పైన ఇచ్చిందే, మిగతా మూడూ మీరు కట్టాలి. లాయరుగా మొదలుపెట్టి వార్డు రాజకీయం, టీవీ డిబేట్లు అన్నీ చుట్టేసే కుర్రాడి మీద పూరించండి, వాది లేకుండా ఎలా గెలుస్తాడో మీరే తేల్చాలి.

ఖాళీకుర్చీ:
కోర్టు మెట్టులెక్కి కూర్చున్న జూనియర్
రాత్రి టీవిలోన రచ్చ చేసె
జడ్జి లేడు, ఫీజు జమ లేదు, మైకుంది
వాది లేక గెలిచె వాదమెల్ల

గురులఘువు: నడక బాగుంది, టీవీని టీవి చేశారు సరే లెండి అందరూ చేసేదే, కానీ "ఫీజు జమ లేదు" యతి కోసం, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో జత అక్షరం పడాలని, ఇరికించినట్టుంది. బ్రేక్ వచ్చే టైముకి మైకు ఎవరి దగ్గరుంటే వాళ్ళే గెలిచినట్టు, అదే కదా మీ చమత్కారం, అదింకా గట్టిగా రావాల్సింది.

ఖాళీకుర్చీ: లాయర్లు ప్రచారం చేసుకోకూడదని బార్ కౌన్సిల్ రూల్ 36 ఉందిగా, మరి రోజూ తెరమీద పేరు వేయించుకోవడం ఏంటని ఇంకోటి రాయబోయా, యతి కుదర్లా.

నల్లకోటు:
మూడు సార్లు పిలువ వాడు రానే లేదు
కుర్ర లాయరపుడె కోటు సర్ది
లేచి నిలిచినంత లెక్క తేలిందయ్య
వాది లేక గెలిచె వాదమెల్ల

ఇది ఊహ కాదండోయ్, సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 9 రూల్ 8. ప్రతివాది హాజరై వాది రాకపోతే, వాది అడిగింది ప్రతివాది ఒప్పుకుంటే తప్ప, దావా కొట్టేస్తారు.

గురులఘువు: చట్టం సరే, మీవాడు నోరే విప్పలేదు కదా, "వాదమెల్ల" గాల్లో వేలాడుతోంది. పైగా రాకపోవడానికి సరైన కారణం చూపిస్తే రూల్ 9 కింద ఆ దావా మళ్ళీ లేచి కూర్చుంటుంది. మూడు, వాడు ప్రాసయతి (మొదటి అక్షరం బదులు రెండో అక్షరం కలవడం) మాత్రం హాయిగా పడింది.

వీధికుళాయి:
వార్డు మెంబరయ్యె వాదించు లాయరే
నీటి గొడవ తీర్చె నెమ్మదిగను
ఇద్దరొకటి కాగ నిక కోర్టు కెందుకు
వాది లేక గెలిచె వాదమెల్ల

నిర్వాహకుడు: నా ఓటు దీనికే. మిగతావాళ్ళు వాదిని పక్కకి తప్పించారు, ఇక్కడ రాజీ కుదిరి అసలు వాదే లేకుండా పోయాడు. "వాదించు" పూరకం కోసం పడిందంటే ఒప్పుకుంటా. అవునూ, ప్రకాశం పంతులు గారు రాజమండ్రిలో ప్లీడరుగా ఉంటూ మున్సిపల్ ఛైర్మన్ అయ్యారు, తర్వాత ప్రాక్టీసు వదిలేసి స్వరాజ్య పత్రిక నడిపారు, మూడూ ఒక్క మనిషే, ఆయన మీద ఒక్కరూ రాయలేదేం?

నల్లకోటు: ప్రయత్నించా, "ప్రకాశం" అంటే లఘువు (పొట్టి అక్షరం) తర్వాత రెండు గురువులు (పొడుగువి), ఆటవెలదిలో వాడే అక్షరాల గుంపుల్లో సూర్యగణంలోనూ ఇమడదు ఇంద్రగణంలోనూ ఇమడదు.

వీధికుళాయి: టంగుటూరి అనండి, రెండు సూర్యగణాలు రెడీగా ఉన్నాయి.