మా ఆవిడకు బీపీ వచ్చింది: చెప్పడం కాకుండా నేను చేయగలిగేది ఏమిటి?

ప్రశ్న (కర్నూలు నుంచి)

అందరికీ నమస్కారం. మా ఆవిడకు 46 ఏళ్ళు. రెండు నెలల క్రితం కళ్ళ పరీక్షకు వెళ్ళినప్పుడు బీపీ చూస్తే 158/98 ఉంది. వారం తరువాత మళ్ళీ చూపించినా 150 పైనే ఉండడంతో డాక్టరుగారు రోజుకొక మాత్ర రాసి, ఉప్పు తగ్గించాలని, నడవాలని, బరువు కూడా కొంత తగ్గాలని చెప్పి పంపారు. ఈ మాటలన్నీ ఆమెకు చెప్పారు గాని, వాటిని పాటించడానికి ఆమె రోజులో ఖాళీ ఎక్కడా లేదని ఇంటికి వచ్చాక నాకు అర్థమైంది. తెల్లవారి 5 గంటలకు లేచి నలుగురికి వండి, క్యారియర్లు కట్టి, 10 గంటలకు కుట్టు మిషను ముందు కూర్చుంటే మళ్ళీ పొయ్యి దగ్గరికి లేవడమే.

మధ్యాహ్నం మేమందరం తిన్నాక తాను కూర్చుంటుంది. మొన్న ఆదివారం నేను చేయి కడుక్కొని వెళ్ళిపోకుండా పక్కనే కూర్చున్నాను. గిన్నెలో రెండు వంకాయ ముక్కలు మిగిలితే, అవి రాత్రికి అబ్బాయికి పనికివస్తాయని మూత పెట్టి, అన్నంలో ఆవకాయ కలుపుకొని, రెండు ఊరమిరపకాయలు నంచుకొని, చివర చల్లలో ఇంత ఉప్పు వేసుకొని తిన్నది. 22 ఏళ్ళుగా ఇలాగే తింటున్నదేమో, నేను ఒక్కనాడూ చూడలేదు. ఇది రాయడానికి నాకు కష్టంగా ఉంది.

ఉప్పు తగ్గించమంటే, "మీ అందరికీ చప్పిడి కూడు ఎలా పెట్టేది?" అంటుంది. నడవమంటే మోకాళ్ళ నొప్పి అంటుంది. ఆ నొప్పికి మందుల షాపులో చీటీ లేకుండా ఇచ్చిన మాత్రను వారానికి మూడు నాలుగు సార్లు వేసుకుంటుంది. మా అమ్మేమో కారం మానిపించి రాళ్ళ ఉప్పు వాడితే చాలంటోంది. నేను పదే పదే చెబితే ఆమెకు విసుగు పుడుతోంది. నా చేతులతో నేను చేయగలిగేది ఏమైనా ఉంటే దయచేసి తెలియజేయండి.

జవాబు (కడప నుంచి)

బాబూ, నేను ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా 30 ఏళ్ళు పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. మీ ఉత్తరంలో అన్నింటికంటే ముందు నన్ను కలవరపెట్టినది ఆ నొప్పి మాత్ర. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు ఒంట్లో ఉప్పును, నీటిని నిలవ ఉంచి బీపీని పెంచుతాయి. బీపీ మాత్రల పనిని తగ్గిస్తాయి. తరచూ వాడితే మూత్రపిండాలకూ చేటు చేస్తాయి. ఆ మాత్ర అట్టను జేబులో పెట్టుకొని వెళ్ళి డాక్టరుగారికి చూపించండి. కాన్పుల సమయంలో ఆమెకు బీపీ వచ్చి ఉంటే ఆ సంగతి కూడా చెప్పండి, ఎందుకంటే అలాంటి తల్లులకు తరువాతి వయసులో బీపీ వచ్చే అవకాశం ఎక్కువ.

రెండవది, చేతికి పట్టీ కట్టి చూసే బీపీ మిషను ఒకటి కొని, చూసే పని మీరే తీసుకోండి. ఆమె పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చిన వెంటనే చూస్తే ఆ అంకెకు అర్థం లేదు. కాఫీ, టీ తాగి అర గంట దాటాక, మూత్రానికి వెళ్ళి వచ్చాక, వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, కాలు మీద కాలు వేయకుండా, 5 నిమిషాలు మాటలు లేకుండా కూర్చోబెట్టి, చేతిని గుండె ఎత్తులో బల్ల మీద ఉంచి, నిమిషం తేడాతో రెండు సార్లు చూడాలి. అలా వారం రోజులు ఉదయం మాత్ర వేసుకోకముందు, మళ్ళీ సాయంత్రం చూసి, మొదటి రోజు అంకెలు వదిలేసి మిగిలినవాటి సగటు తీయండి. ఇంట్లో చూసినప్పుడు ఆ సగటు 135/85 కంటే తక్కువ ఉండాలి. ఎప్పుడైనా 180/120 దాటి, దానితోపాటు గుండెలో నొప్పి, ఆయాసం, మాట తడబడడం, ఒక పక్క చేయి కాలు పట్టు తప్పడం కనిపిస్తే ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి.

అమ్మగారు పెద్దవారు, ఆమె మాటను నొప్పించకుండా సర్దిచెప్పండి. రాళ్ళ ఉప్పైనా, సైంధవ లవణమైనా అందులో ఉండేది ప్రధానంగా సోడియం క్లోరైడే. బీపీకి సంబంధించినంతవరకు తేడా లేదు. కారం విషయంలో మన సీమలో అందరూ మిరపకాయనే నిందిస్తారు గాని, దోషం కారానిది కాదు, దానికి తగినట్లుగా మనం వేసే ఉప్పుది. సోడియం తక్కువ అని అమ్మే ఉప్పులో పొటాషియం ఉంటుంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, టెల్మిసార్టన్, రామిప్రిల్ వంటి బీపీ మాత్రలు వాడేవారు డాక్టరును అడగకుండా దానిని వాడకూడదు.

జవాబు (అనంతపురం నుంచి)

అన్నా, బీపీ నాకే వచ్చి ఆరేళ్ళు అయింది, కాబట్టి ఆమె వైపు నుంచి రాస్తున్నాను. "ఉప్పు తినొద్దు, నడువు" అని ఎవరైనా చెప్పినప్పుడల్లా, ఉన్న పనికి ఇంకో పని చేర్చినట్లుగానే నాకు వినిపించేది. మా ఇంటాయన చెప్పడం మానేసి, ఉదయం 6 నుంచి 7 వరకు వంటింటిని తన చేతిలోకి తీసుకున్నారు. పాలు కాచడం, ఉగ్గాణికి బొరుగులు నానబెట్టడం, క్యారియర్లు కట్టడం ఆయన నేర్చుకున్నాక నాకు నడవడానికి గంట దొరికింది. మొదట్లో ఉగ్గాణి ముద్దయిపోయేది. పిల్లలు గొణిగినా ఆయన మానలేదు.

ఉప్పును కళ్ళతో చూడడానికి ఒక సులువైన దారి ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మనిషికి రోజుకు 5 గ్రాముల కంటే తక్కువ, అంటే టీ చెంచాకు తక్కువ, వాడమంటుంది. ఆ లెక్కన మీ నలుగురికి కిలో ప్యాకెట్టు కనీసం 50 రోజులు రావాలి, అదీ ఊరగాయలు, అప్పడాలు, బయటి మిర్చిబజ్జీలు లేవనుకుంటేనే. ప్యాకెట్టు విప్పిన రోజు తేదీని దాని మీదే పెన్నుతో రాయండి. మా ఐదుగురికి 40 రోజులు రావలసింది 24 రోజులకే అయిపోయిందని తెలిసినప్పుడు ఇంట్లో ఎవరికీ మాట రాలేదు.

ఆమెకు వేరుగా, మీకు వేరుగా వండే ఆలోచన పెట్టుకోవద్దు. అది రెండు పొయ్యిల చాకిరీ, నాలుగు రోజులకే ఆగిపోతుంది. అందరి కూరలోనూ పదిహేను రోజులకు కొంచెం చొప్పున తగ్గించుకుంటూ వస్తే కొన్ని వారాల్లో నాలుక అలవాటు పడుతుంది. పుల్లగూరలో పులుపు, పప్పులో నిమ్మరసం, తాలింపులో వెల్లుల్లి బాగా పడితే ఉప్పు తగ్గిన సంగతి అంతగా తెలియదు. మా ఇంట్లో సంగటికి, జొన్నరొట్టెకు మొదటి నుంచీ ఉప్పు వేయము. ఊరిబిండి పచ్చడిలో సగం తగ్గిస్తే చాలింది.

ఇక అన్నింటికంటే ముఖ్యమైనది: కూర దించగానే, ఎవరికీ వడ్డించకముందే, ఆమె వాటా ఒక గిన్నెలో తీసి పక్కన పెట్టండి. ఆ పని మీరే చేయండి. పళ్ళెంలో కూర ఉంటే ఆవకాయ జాడీ దగ్గరికి చేయి పోదు. వేసవిలో చెమట పోతుందని చల్లలో ఉప్పు వేసుకోవడం మన దగ్గర అలవాటే గాని, నీడపట్టున పనిచేసేవారికి ఉత్త చల్ల, నీళ్ళు సరిపోతాయి.

జవాబు (ఆదోని నుంచి)

ఒక్క విషయం మాత్రం చేరుస్తాను. మా ఇంట్లో బీపీ 126/80కి వచ్చిందని సంతోషించి, డాక్టరును అడగకుండా మాత్ర మాన్పించినవాడిని నేనే. మూడు వారాలకు 164కు పోయింది. నడక, ఉప్పు తగ్గించడం మాత్రకు తోడే గాని దానికి బదులు కావు. తగ్గించాలా, మానాలా అన్నది డాక్టరే చెప్పాలి. ఆమె రాత్రిపూట గట్టిగా గురక పెట్టి, మధ్యలో ఊపిరి ఆగినట్లు మేలుకొంటుంటే అది కూడా ఆయనకు చెప్పండి, ఆ జబ్బు వల్ల కూడా బీపీ తగ్గకుండా ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు (ఆరు వారాల తరువాత)

మీ ముగ్గురికీ కృతజ్ఞతలు. నొప్పి మాత్రను డాక్టరుగారు ఆపించి, మోకాలికి కుర్చీలో కూర్చొని చేసే వ్యాయామాలు నేర్పించారు. ఉదయం ఆరింటికి ఇద్దరం నడుస్తున్నాము. మొదట 10 నిమిషాలతో మొదలుపెట్టి ఇప్పుడు 25 నిమిషాల దాకా వచ్చాము. బీపీ వారం సగటు 138/86 ఉంది, ఇంకా కొంచెం తగ్గాలి. ఉప్పు ప్యాకెట్టు మీద తేదీ రాసి 31 రోజులైంది, ఇంకా మూడో వంతు పైనే మిగిలి ఉంది.

ఆమె కోసం కూర తీసి పెట్టిన గిన్నెను మొదటి వారమంతా ఆమె మళ్ళీ అబ్బాయికే వడ్డించింది. ఇప్పుడు నేను ఆమెతోపాటే కూర్చొని తింటున్నాను. నిన్న వాడే ఆ గిన్నె తెచ్చి వాళ్ళమ్మ పళ్ళెంలో వంచాడు.