గోడౌన్ అద్దెకిచ్చినవాడు మూటలు చూడాలా?

కృష్ణాతీరం: 2025 ఆగస్టులో గార్డియన్ పత్రిక బయటపెట్టిన సంగతి ఇది. ఇజ్రాయెల్ సైన్యంలోని నిఘా విభాగం యూనిట్ 8200, గాజా, వెస్ట్ బ్యాంక్ పాలస్తీనియన్ల ఫోన్ కాల్స్‌ను భారీగా రికార్డు చేసి మైక్రోసాఫ్ట్ ఇంటర్నెట్ ద్వారా కంప్యూటర్లు, స్టోరేజ్ అద్దెకిచ్చే క్లౌడ్ సేవ అజ్యూర్‌లో దాచిందట. సెప్టెంబరు 25న కంపెనీ ఆ విభాగానికి కొన్ని క్లౌడ్, ఏఐ సేవలు ఆపేసింది. ఇందులో అమ్మినవాడికి బాధ్యత ఉందా? ఉందనే నా వాదన.

మేఘసందేహం: క్లౌడ్‌లోనే పనిచేస్తున్నా కాబట్టి చెప్తున్నా. స్టోరేజ్ అంటే గోడౌన్ లాంటిది. ఆసుపత్రి ఎక్స్‌రేలైనా, సైన్యం ఫైళ్ళైనా మేం తెరిచి చూడం. చూడకూడదు కూడా. రేపు మీ మెడికల్ రిపోర్టు ఎవడో తెరిచి చదివితే ఊరుకుంటారా?

కృష్ణాతీరం: మెలికంతా అక్కడే ఉందండీ. మైక్రోసాఫ్ట్ కూడా కస్టమర్ డేటా ముట్టుకోలేదనే చెప్పింది. మరెలా తెలిసింది? సొంత వ్యాపార రికార్డులు తిరగేసింది. నెదర్లాండ్స్‌లో స్టోరేజ్ వాడకం, ఏఐ సేవల వాడకం చూస్తే పత్రికలో వచ్చినదాంట్లో కొంత నిజమేనని తేలింది. మూట విప్పక్కర్లేదు, ఎన్ని లారీలు దిగాయో గుమస్తా పద్దులో ఉంటుంది. బిల్లు వేసేటప్పుడు కనబడిన అంకె, బాధ్యత దగ్గరికొచ్చేసరికి కనబడలేదంటే ఎలా?

మేఘసందేహం: పెద్ద అంకె తప్పుకు రుజువు కాదు. వీడియో కంపెనీలకూ అంత వాడకం ఉంటుంది.

రెడ్మండ్ బావ: రుజువు సంగతి సరే, వెతికినవాళ్ళెవరు? మే నెలలో ఇదే కంపెనీ సమీక్ష జరిపించుకుని, గాజాలో జనానికి హాని చేయడానికి మా టెక్నాలజీ వాడిన ఆధారాల్లేవని ప్రకటించింది. అంతకుముందే ఏప్రిల్‌లో, 50 ఏళ్ళ వేడుకలో నిలదీసిన ఇద్దరు ఉద్యోగులను ఇంటికి పంపింది. సత్య నాదెళ్ళ మన హైదరాబాదీ అని పండగ చేసుకున్న మా వాట్సాప్ గ్రూపుల్లో ఒక్కరూ కిక్కురుమనలేదు. నేనూ అనలేదు లెండి. హెచ్‌1బీ మీద ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకోటి వెతుక్కోవాలి, ఆ టెన్షన్ ఉన్నవాడికే తెలుసు.

కృష్ణాతీరం: అందుకే ఉద్యోగి మీదకు నెట్టకూడదంటాను. కస్టమర్ ‘రక్షణ శాఖ’ అని రాసుకుని వదిలేయకుండా, ఏ విభాగం, దేనికి వాడుతుంది అని అమ్మే రోజే అడగాలి. అబద్ధం చెబితే సేవ ఆపేస్తామని కాంట్రాక్టులో రాసుకోవాలి.

మేఘసందేహం: అది ఒప్పుకుంటా. కాకపోతే క్వార్టర్ చివర్లో, టార్గెట్‌కి నాలుగు రోజులుండగా, ఆ ప్రశ్న అడిగిన సేల్స్‌వాడిని నేనింతవరకూ చూడలేదు.