ఆర్చర్ సీ7 వీ5: అప్‌గ్రేడ్ మధ్యలో కరెంట్ పోయింది, టీఎఫ్‌టీపీ రిక్వెస్టే రావట్లేదు

పింగ్‌పాంగ్

నా వైఫై రూటర్ టీపీ-లింక్ ఆర్చర్ సీ7, స్టిక్కర్ మీద వీ5 (ఐదో వెర్షన్). ఓపెన్‌వర్ట్ (రూటర్‌ని నడిపే ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్) ముందే ఉంది. కొత్త వెర్షన్‌కి సిస్‌అప్‌గ్రేడ్ (అప్‌గ్రేడ్ కమాండ్) కొట్టాక ఫ్లాష్ మెమరీలో రాస్తుండగా కరెంట్ పోయింది. ఇప్పుడు పవర్ దీపం వెలుగుతుంది, కొన్ని సెకన్లకి అన్ని దీపాలూ మెరిసి మళ్లీ మొదటికొస్తుంది. 192.168.1.1కి పింగ్ లేదు. రీసెట్ నొక్కిపట్టి టీఎఫ్‌టీపీ రికవరీ (రూటర్ కంప్యూటర్‌ని అడిగి ఫైల్ తెచ్చుకునే పద్ధతి) చూశాను: విండోస్ 11, టీఎఫ్‌టీపీడీ64 (ఆ ఫైల్ పంపే ప్రోగ్రామ్), ల్యాప్‌టాప్ ఐపీ 192.168.0.66. లాగ్‌లో ఒక్క లైను కూడా పడదు. బూట్‌లోడర్ (పవర్ రాగానే మొదట నడిచే చిన్న ప్రోగ్రామ్) పోయినట్టేనా? సీహెచ్341ఏ ప్రోగ్రామర్ (ఫ్లాష్ చిప్‌ని నేరుగా చదివి రాసే పరికరం) కొనాలా?

ఓవర్‌లే

ఇప్పుడే ఏమీ కొనకండి. సిస్‌అప్‌గ్రేడ్ రాసేది ఫర్మ్‌వేర్ పార్టిషన్ ఒక్కదాన్నే, బూట్‌లోడర్ ఉన్న చోటికి అది పోదు. మీరు చెప్పిన దీపాల వరస చూస్తే కెర్నెల్ (సిస్టమ్ మూలభాగం) మొదలై, రూట్ ఫైల్‌సిస్టమ్ సగమే ఉండేసరికి ప్యానిక్ అయి (ముందుకెళ్లలేక ఆగి) రీబూట్ అవుతున్నట్టుంది. కెర్నెల్ దాకా వచ్చిందంటే దాన్ని పిలిచిన బూట్‌లోడర్ బతికే ఉంది. నిజంగా బూట్‌లోడరే పోతే దీపాలు ఇలా లయగా తిరగవు, ఒకే స్థితిలో బిగుసుకుపోతాయి.

ఫెయిల్‌సేఫ్ మోడ్ మీకు పనికిరాదు. అది కాన్ఫిగ్ చెడినప్పటి మందు: ఓవర్‌లేని (మీ సెట్టింగులు ఉండే పొర) పక్కనపెట్టి స్క్వాష్‌ఎఫ్‌ఎస్ (మారని మూల ఫైల్‌సిస్టమ్) నుంచి లేస్తుంది. మీ దగ్గర చెడింది ఆ స్క్వాష్‌ఎఫ్‌ఎస్సే.

ఇక లాగ్ ఎందుకు ఖాళీ? రూటర్ ఆఫ్‌లో ఉన్నప్పుడు ల్యాప్‌టాప్ ఈథర్‌నెట్ లింక్ కూడా డౌన్. మీరు స్విచ్ వేయగానే బూట్‌లోడర్ కొద్ది సెకన్లే 192.168.0.66 కోసం అడిగి ఊరుకుంటుంది. ఆ లోపు విండోస్ ఇంకా లింక్ పట్టుకుని, ఆ ఐపీ వేరేవాళ్లకి లేదని చూసుకునే పనిలోనే ఉంటుంది. యూఎస్‌బీ ఈథర్‌నెట్ డాంగిల్ అయితే మరీ నెమ్మది. మందు చవకైనదే: మధ్యలో మామూలు 5 పోర్టుల స్విచ్ పెట్టండి. ల్యాప్‌టాప్ వైపు లింక్ ఎప్పుడూ అప్‌లోనే ఉంటుంది.

వైఫై ఆపేయండి. సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0, గేట్‌వే ఖాళీ. ఫైర్‌వాల్ ఈ పది నిమిషాలూ పూర్తిగా ఆఫ్. గుర్తు తెలియని నెట్‌వర్క్‌ని విండోస్ 'పబ్లిక్' కింద వేసి యూడీపీ 69ని (టీఎఫ్‌టీపీ వాడే పోర్టు) లోపలికి రానివ్వదు, ఆ సంగతి మీకు చెప్పదు కూడా. టీఎఫ్‌టీపీడీ64లో పైన సర్వర్ ఇంటర్‌ఫేస్ దగ్గర 192.168.0.66నే ఎంచుకోండి. కేబుల్ రూటర్‌లో ల్యాన్ పోర్టుకే పెట్టాలి, నీలిరంగు ఇంటర్నెట్ పోర్టుకి కాదు. రీసెట్ ముందు నొక్కి, పట్టుకునే పవర్ ఆన్ చేసి, డబ్ల్యూపీఎస్ దీపం వెలిగాకే వదలండి.

ఫైల్ మాత్రం ఓపెన్‌వర్ట్ సైట్లో వీ5 పేరుతో ఉన్న ఫ్యాక్టరీ ఇమేజ్. సిస్‌అప్‌గ్రేడ్ ఇమేజ్ కాదు. దించాక ఎస్‌హెచ్‌ఏ256 (ఫైల్ చెడలేదని చూపే సంఖ్య) సరిచూసుకోండి.

పింగ్‌పాంగ్

స్విచ్ పెట్టాను, రిక్వెస్ట్ వచ్చింది! కానీ లాగ్‌లో 'ఫైల్ నాట్ ఫౌండ్'. ఫైల్ ఆ ఫోల్డర్లోనే ఉంది, పేరు కూడా మార్చాను.

ఓవర్‌లే

విండోస్ ఎక్స్‌టెన్షన్లు దాస్తుంది కదా, మీ ఫైల్ 'బిన్.బిన్' అయి ఉంటుంది. వ్యూ మెనూలో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ ఆన్ చేసి చూడండి. పేరు ఇలా ఉండాలి: ఆర్చర్‌సీ7వీ5, అండర్‌స్కోర్, టీపీ, అండర్‌స్కోర్, రికవరీ, డాట్, బిన్. ఆర్చర్‌లో ఏ, తర్వాతి సీ మాత్రమే పెద్ద అక్షరాలు. ఎక్కడా ఖాళీ ఉండకూడదు. రూటర్ ఏ పేరు అడిగిందో లాగ్‌లోనే ఉంటుంది, అక్కడి నుంచి కాపీ చేసుకుంటే తప్పే పోదు.

ఫైల్ పంపడం రెండు మూడు సెకన్లలో అయిపోతుంది. చెరపడం, రాయడం ఆ తర్వాతే మొదలు. దీపాలు ఎలా ఉన్నా ఐదు నిమిషాలు ప్లగ్ జోలికి పోవద్దు. ఈసారి రూటర్, స్విచ్ రెండూ యూపీఎస్ మీద పెట్టండి.

టంకం

ఈ దారం చదివే పాత మోడళ్ల వాళ్లకి ఒక మాట. సీ7 వీ2 లాంటి వాటికి కంపెనీ ఫర్మ్‌వేర్‌నే టీఎఫ్‌టీపీలో పంపేటట్టయితే, ఫైల్ పేరులో 'బూట్' అని ఉందేమో చూసుకోండి. ఉంటే ముందు భాగంలో బూట్‌లోడర్ కలిసి ఉన్నట్టు. మొదటి 1,31,584 బైట్లు కోసేయాలి. డీడీ (లినక్స్‌లో ఫైల్ కాపీ చేసే) కమాండ్‌లో బ్లాక్ సైజు 512, స్కిప్ 257 ఇస్తే సరిగ్గా అంతే పోతుంది. కోయకుండా పంపితే ఫర్మ్‌వేర్ మొదలవ్వాల్సిన చోట బూట్‌లోడర్ కూర్చుంటుంది, రూటర్ లేవదు.

టీఎఫ్‌టీపీ అసలు స్పందించకపోతే తర్వాతి మెట్టు సీరియల్ (బోర్డు పిన్నులకి తీగలు కలిపి బూట్‌లోడర్‌తో మాట్లాడటం), ప్రోగ్రామర్ కాదు. 3.3 వోల్టుల యూఎస్‌బీ టీటీఎల్ అడాప్టర్ (సీపీ2102 చాలు), స్పీడు 115200, 8ఎన్1. కలపాల్సినవి గ్రౌండ్, టీఎక్స్ (పంపేది), ఆర్ఎక్స్ (అందుకునేది) మూడే. వీసీసీ తీగ వదిలేయండి, బోర్డు దాని అడాప్టర్ మీదే నడవాలి. అడాప్టర్ టీఎక్స్ బోర్డు ఆర్ఎక్స్‌కి పోవాలి. అక్షరాలు కనిపిస్తున్నాయి గానీ టైపు చేసింది పట్టట్లేదంటే, కొన్ని టీపీ-లింక్ బోర్డుల్లో ఆ లైన్లో రెసిస్టర్ బిగించకుండా వదిలేస్తారు. ప్యాడ్ల మధ్య చుక్క టంకం వేస్తే పని చేస్తుంది.

ఒక్కటి మాత్రం గట్టిగా: వీ2 కోసం రాసిన ఎరేజ్ కమాండ్లు వీ5 కన్సోల్‌లో కొట్టకండి. వీ2లో 128 కేబీ బూట్‌లోడర్ దాటగానే ఫర్మ్‌వేర్ మొదలవుతుంది. వీ5లో పార్టిషన్ల అమరిక వేరు. ఆ అడ్రస్ చెరిపితే అప్పటిదాకా బతికున్న పెట్టె నిజంగానే ఇటుక అవుతుంది.

బిట్లబండి

టంకం గారి మాటకి కొసరు. సీహెచ్341ఏ దాకా పోవాల్సి వస్తే, నల్ల బోర్డు వాటిలో చాలావరకు డేటా లైన్ల మీద 5 వోల్టులు వస్తాయి. రూటర్లో ఫ్లాష్ చిప్ 3.3 వోల్టులది. మల్టీమీటర్ పెట్టి చూడకుండా క్లిప్ తగిలించొద్దు. ఇంకోటి, బోర్డు మీదే క్లిప్ పెట్టి చదివితే ఆ కరెంట్‌తో ప్రాసెసర్ కూడా సగం మేల్కొని లైన్లలో వేలు పెడుతుంది. అందుకే రెండుసార్లు చదివి ఎండీ5 (ఇదీ సరిచూసే సంఖ్యే) కలిసిందో లేదో చూడాలి. కలవకపోతే చిప్ ఊడదీసి చదవడమే దారి.

అదే మోడల్ వేరే పెట్టె నుంచి పూర్తి డంప్ (చిప్‌లో ఉన్నదంతా) తెచ్చి ఎక్కించేవాళ్లు ఉంటారు. బూట్‌లోడర్ వరకు సరే, ఆర్ట్ పార్టిషన్ వద్దు. అందులో ఉండేది ఆ పెట్టె రేడియోకి ఫ్యాక్టరీలో చేసిన కాలిబ్రేషన్. వేరేదాని ఆర్ట్‌తో వైఫై వస్తుంది గానీ సిగ్నల్ ఎలా ఉంటుందో చెప్పలేం. పూర్తి డంప్‌తో మ్యాక్ అడ్రస్‌లు (నెట్‌వర్క్‌లో పరికరాన్ని గుర్తుపట్టే నంబర్లు) కూడా రెండు పెట్టెలకీ ఒకటే అవుతాయి.

పింగ్‌పాంగ్

పేరులో బిన్ రెండుసార్లే ఉంది. మార్చాక ఎక్కింది, లూసీ (ఓపెన్‌వర్ట్ సెట్టింగుల) పేజీ వస్తోంది. వైఫై మాత్రం అసలు కనిపించట్లేదు, రేడియో పాడైందా?

ఓవర్‌లే

పాడవ్వలేదు. కొత్తగా ఎక్కించిన ఓపెన్‌వర్ట్‌లో వైఫై ఆఫ్‌లో ఉండటం మామూలే. నెట్‌వర్క్, వైర్‌లెస్‌కి వెళ్లి కంట్రీ కోడ్ ఇండియా పెట్టి, పాస్‌వర్డ్ ఇచ్చి ఎనేబుల్ చేయండి. దానికన్నా ముందు రూట్ పాస్‌వర్డ్ పెట్టండి. వ్యాన్‌లో (ఇంటర్నెట్ వైపు) పీపీపీఓఈ (ప్రొవైడర్ లాగిన్) యూజర్‌నేమ్ మళ్లీ కొట్టాలి. మీ ఇంటర్నెట్ వాడు లోకల్ కేబుల్ ప్రొవైడర్ అయి మ్యాక్ బైండింగ్ (లాగిన్‌ని ఒకే మ్యాక్ అడ్రస్‌కి కట్టేయడం) పెట్టి ఉంటే, పాత కాన్ఫిగ్‌లో మార్చిన మ్యాక్ ఏదైనా ఉందేమో చూసి అదే ఇవ్వండి. లేకపోతే లాగిన్ ఎన్నిసార్లు కొట్టినా తిప్పి కొడుతుంది.

అది అయ్యాక లూసీలో బ్యాకప్ పేజీ కింద ఎంటీడీ బ్లాక్‌లు (ఫ్లాష్ పార్టిషన్లు) సేవ్ చేసే చోటు ఉంది. ఆర్ట్ ఎంచుకుని దించి, రూటర్‌లో కాకుండా వేరేచోట దాచండి. కొత్త లినక్స్ నుంచి ఎస్‌సీపీతో (నెట్‌వర్క్ మీద ఫైల్ కాపీ చేసే కమాండ్) తీసుకునేటట్టయితే పెద్ద అక్షరం 'ఓ' ఆప్షన్ ఇవ్వాలి. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 9.0 నుంచి ఎస్‌సీపీ మామూలుగా ఎస్‌ఎఫ్‌టీపీ అనే పద్ధతిలో మాట్లాడుతుంది, రూటర్లో ఉన్న డ్రాప్‌బేర్‌కి (దాని ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్) అది రాదు.