ఆకలి సిగ్నల్స్ మీద పీహెచ్‌డీ చేయాలని ఉంది, బాపుకు ఎట్లా చెప్పాలి?

పరకాల_పిల్ల:
అందరికీ నమస్తే. కాకతీయ యూనివర్సిటీలో ఎం.ఎస్సీ. జువాలజీ ఫైనల్ ఇయర్ చదువుతున్నాను. సెల్ సిగ్నలింగ్ క్లాసులో డగ్లస్ కోల్‌మన్ అనే శాస్త్రవేత్త లావు ఎలుకల మీద చేసిన ప్రయోగం గురించి విన్నప్పటి నుంచి మనసంతా దాని మీదే ఉంది, కడుపు నిండిందని మెదడుకు ఎవరు చెప్తారు, చెప్తే మెదడు ఎట్లా వింటుంది అనే దాని మీదే పనిచేయాలని గట్టిగా అనుకుంటున్నాను. ఇంట్లోనేమో బి.ఎడ్. చేసి టీచర్ పోస్టుకు చూసుకోమంటున్నారు. బాపు పత్తి రైతు. "ఆకలైతే తింటం, నిండితే లేస్తం, దీంట్ల కనిపెట్టేదేమున్నది బిడ్డా?" అని అడిగిండు. రిసెప్టర్ (కణంలో సిగ్నల్‌ను అందుకునే భాగం), లిగాండ్ (దానికి అతుక్కునే పదార్థం) అని మొదలుపెట్టి మధ్యలోనే ఆగిపోయాను. ఆ ప్రయోగాన్ని బాపుకు అర్థమయ్యేలా ఎట్లా చెప్పాలి? ఈ దారిలో పోతే ఎన్నేళ్లు పడుతుంది, బతుకు నడుస్తుందా?

తార్నాక_ల్యాబ్:
చెల్లె, బాపుకు చెరువు కింద సేద్యంతో చెప్పు. పొలం తడిసిందని గట్టు మీది మనిషి కేక వేస్తే నీరడి తూము మూస్తాడు. ఒక ఊళ్లో కేక వేసే మనిషే లేడు. ఇంకో ఊళ్లో ఆయన గొంతు పోయేలా అరుస్తున్నా నీరడికి వినపడదు. రెండు ఊళ్లలోనూ పొలాలు మునిగిపోతాయి, బయటి నుంచి చూస్తే తేడా తెలియదు. కోల్‌మన్ దగ్గర ఉన్న రెండు రకాల లావు ఎలుకలు, ఓబీ, డీబీ, సరిగ్గా ఇట్లాంటివే. ఆయన ఎలుకలను జంటగా కలిపి కుట్టి, ఒకదాని రక్తం ఇంకోదాంట్లోకి పోయేలా చేశారు. డీబీ ఎలుకతో కలిపిన మామూలు ఎలుక తిండి మానేసి చచ్చిపోయింది. పక్క ఊరి కేక విని ఈ నీరడి తూము మూసేశాడన్నమాట, తన పొలం ఎండిపోతున్నా సరే. ఓబీని డీబీతో కలిపితే ఓబీ కూడా అట్లాగే తిండి మానేసి చచ్చిపోయింది. అంటే ఓబీకి వినే శక్తి ఉంది, సిగ్నలే లేదు. డీబీకి సిగ్నల్ బోలెడంత ఉంది, వినే రిసెప్టర్ పాడైంది.

ఎన్నేళ్లు అని అడిగావు కదా. కోల్‌మన్ అమెరికాలోని జాక్సన్ ల్యాబ్‌కు 1958లో కొన్నాళ్లు ఉండి పోదామని వచ్చి, రిటైర్ అయ్యేదాకా అక్కడే ఉండిపోయారు. ఈ ఫలితాలు 1970ల మొదట్లోనే అచ్చయినా, లావు కావడం మనిషి నిగ్రహం లేకపోవడమేనని నమ్మేవాళ్లను అవి కదిలించలేదు. 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం ఓబీ ఎలుకల్లో పాడైన జన్యువును పట్టుకుని, అది చేసే హార్మోన్‌కు తర్వాత లెప్టిన్ అని పేరు పెట్టింది. 1995లోనే వేరే బృందానికి దాని రిసెప్టర్ కూడా దొరికింది. అప్పటికి కోల్‌మన్ రిటైర్ అయిపోయారు. 2010లో ఇద్దరికీ కలిపి లాస్కర్ అవార్డు ఇచ్చారు.

కరీంనగర్_పిల్లల_డాక్టర్:
పై అన్న చెప్పిందానికి ఒక మాట కలుపుతాను. 1997లో కేంబ్రిడ్జిలో ఓ'రాహిలీ, సదాఫ్ ఫారూఖీ బృందం లెప్టిన్ అసలే తయారుకాని ఇద్దరు పిల్లలను గుర్తించింది. లెప్టిన్ ఇంజక్షన్లు మొదలుపెట్టాక ఆకలి తగ్గి, బరువు కూడా తగ్గారు. మామూలు స్థూలకాయంలో మాత్రం ఆ మందు పెద్దగా పనిచేయలేదు, ఎందుకంటే వాళ్ల రక్తంలో లెప్టిన్ ముందే ఎక్కువగా ఉంటుంది, మెదడే వినడం తగ్గిస్తుంది. అందుకే చాలామంది పరిశోధకుల చూపు ఆ తర్వాతి మెట్టు మీద, అంటే మెదడులోని ఎంసీ4ఆర్ రిసెప్టర్ మీద ఉంది. ఒకే జన్యువు వల్ల వచ్చే తీవ్రమైన స్థూలకాయానికి ఎక్కువగా కనిపించే కారణం దాంట్లోని లోపమే. దాన్ని ప్రేరేపించే సెట్‌మెలనోటైడ్ అనే మందుకు 2020లో అమెరికాలో అనుమతి వచ్చింది, కొన్ని అరుదైన జన్యు లోపాలకే అనుకోండి. నా దగ్గరికి లావు పిల్లలతో వచ్చే తల్లులు "మాదే తప్పు, అడిగినప్పుడల్లా పెట్టినం" అని ఏడుస్తుంటే మనసు తరుక్కుపోతుంది. నీలాంటివాళ్లు ఈ పని చేయాలమ్మా.

కాజీపేట_జేఆర్‌ఎఫ్:
డబ్బుల సంగతి నేను చెప్తా. సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకు ఇచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆ తర్వాత 42,000, హెచ్‌ఆర్‌ఏ వేరు. నాకు ఒకసారి నాలుగు నెలలు ఆలస్యంగా వచ్చింది, బావ దగ్గర అప్పు చేశాను, కాబట్టి కొంచెం పక్కన పెట్టుకోవడం అలవాటు చేసుకో. అయిదేళ్లు అనుకో, ఆరు కూడా కావచ్చు. రోజువారీ పనేమో కణాల్లో రిసెప్టర్ పెట్టి, హార్మోన్ పోసి, లోపల సైక్లిక్ ఏఎంపీ (సిగ్నల్‌ను కణం లోపలికి చేరవేసే చిన్న అణువు) ఎంత పెరిగిందో కొలవడం. కణాలకు ఫంగస్ పడితే మూడు వారాల పని పోతుంది. దానికి టెన్షన్ పడకు, అందరికీ జరిగేదే. ఇంకోటి, తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ సొంతంగా పెంచిన లావు ఎలుకల జాతి ఉంది, వాటి రక్తంలోనూ లెప్టిన్ ఎక్కువే. ఇంతదూరం వచ్చినదానివి, వాళ్ల పేపర్లు తప్పకుండా చదువు.

పరకాల_పిల్ల:
అందరికీ చాలా థాంక్స్. నిన్న రాత్రి అన్నం తినేటప్పుడు నీరడి కథ చెప్పిన. బాపు చెయ్యి కడుక్కోకుండా అట్లనే కూర్చొని, "మరి ఆ నీరడికి చెవులు ఎందుకు పోయినయ్?" అని అడిగిండు. అదే నేను చదవాలనుకుంటున్నది బాపూ అన్న. అమ్మ ఇంకా బి.ఎడ్. మాటే అంటుంది. నెట్‌కు అప్లై చేస్తున్నా. కాజీపేట అన్నా, లైఫ్ సైన్సెస్ పాత పేపర్లు ఉంటే ఇస్తారా?