మెడికల్ స్కూల్ ఫారంలో పాత కేసు రాయాలా?

ప్రశ్న:
మా తమ్ముడు అమెరికాలో ఒహాయోలో బయాలజీ చదివి, మెడికల్ ఎంట్రన్స్ ఎంక్యాట్ రాశాడు. కాలేజీలో చేరిన కొత్తలో ఒక స్టోర్‌లో ఇయర్‌ఫోన్స్ జేబులో వేసుకుని దొరికిపోయాడు. కోర్టులో ఒప్పుకున్నాడు, మిస్‌డిమీనర్ (చిన్న నేరం) కింద శిక్ష పడింది, ఫైన్ కట్టాడు. ఇప్పుడు ఏఎంసీఏఎస్ (మెడికల్ కాలేజీలకు కలిపి పెట్టే అప్లికేషన్) ఫారంలో, మిస్‌డిమీనర్ కేసులేమైనా ఉన్నాయా అన్న ప్రశ్న దగ్గర ఆగిపోయాడు. "రాయకపోతే ఎవడికి తెలుస్తుంది" అంటారు నాన్న. నాకేమో ఒకటే టెన్షన్.

జవాబు 1:
ఈ విషయంలో నాన్నగారి మాట వినొద్దండి. సీటు ఖాయమయ్యాక చాలా కాలేజీలు బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేయిస్తాయి. అప్పుడు బయటపడితే ఇయర్‌ఫోన్స్ సంగతి పక్కకు పోయి, దాచిపెట్టాడన్నదే మిగులుతుంది. జరిగింది నాలుగు ముక్కల్లో రాయమనండి. "ఫ్రెండ్స్ చేయించారు" లాంటి సాకులు మాత్రం వద్దు.

జవాబు 2:
ముందు అక్కడి లాయర్‌ని కలవండి. కోర్టు రికార్డును సీల్ చేసినా (ఎవరూ చూడకుండా మూసేసినా), ఎక్స్‌పంజ్ చేసినా (చెరిపేసినా) ఏఎంసీఏఎస్‌లో చెప్పక్కర్లేదు. కాకపోతే ఆ తర్వాత ఒక్కో కాలేజీ విడిగా ఇచ్చే సెకండరీ ఫారాల్లో ప్రశ్న వేరేలా ఉండొచ్చు, ప్రతి ముక్కా చదవాలి. ఇంతకీ తను సిటిజనేనా? ఇమిగ్రేషన్ వాళ్ల లెక్కలో సీలైనా అది కన్విక్షనే (నేరం రుజువైనట్టే).

ప్రశ్న అడిగినవారు:
ఇక్కడే పుట్టాడండీ. సోమవారం లాయర్‌కి ఫోన్ చేస్తాను. నాన్నకి చెప్పడమే పెద్ద పని.