అప్‌డేట్: ఇంగ్లీషులో ‘ఎక్సీడ్’ (exceed, మించు) తర్వాత ‘దాన్’ (than) పెట్టకూడదు

ఫైల్ సైజు పరిమితి దాటిందని చెప్పడానికి ‘ఎక్సీడ్స్ దాన్ ది లిమిట్’ అని రాయొచ్చా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. తప్పేనండీ. ‘ఎక్సీడ్స్ ది లిమిట్’ అంటే చాలు. ‘దాన్’ గానీ ‘ఓవర్’ గానీ అక్కర్లేదు, ఆ క్రియ నేరుగా కర్మను తీసుకుంటుంది.

నా పొరపాటు ఎక్కడ పుట్టిందో ఇప్పుడు తెలిసింది. మనం ‘పరిమితికి మించి’ అంటాం; ఆ ‘కి’ కోసం ఇంగ్లీషులో ఏదో ఒక మాట వెతికాను. ‘పరిమితిని మించింది’ అని మనసులో అనుకుని రాస్తే సరిగ్గా కుదురుతోంది. ‘ఎక్సీడ్’ లాటిన్ మూలంలోనే ‘బయటికి’, ‘వెళ్లడం’ రెండూ ఉన్నాయట, ఎంత బాగుందో!

‘ఇన్ ఎక్సెస్ ఆఫ్’ (in excess of)లో మాత్రం ‘ఆఫ్’ ఉండాలి, అక్కడున్న ‘ఎక్సెస్’ నామవాచకం. నా వాక్యం సరిచేసి పంపేశాను. ఓపిగ్గా చెప్పినవాళ్లందరికీ కృతజ్ఞతలు.