జర్నైల్ సింగ్ గొప్ప డిఫెండర్ అంటూ ఆయన కొట్టిన గోల్‌నే చూపిస్తారేంటి?

మల్కాజిగిరి మిడ్‌ఫీల్డర్:
అప్పటి ఇండియా ఫుట్‌బాల్ కోచ్ రహీం సాబ్ మీద హిందీ సినిమా వచ్చినప్పటి నుంచి, ఆఫ్‌సైడ్ అంటే ఏంటో తెలియనివాళ్లు కూడా మా ఆఫీసులో 1962 జకార్తా ఏషియన్ గేమ్స్ గురించి మాట్లాడుతున్నారు. సంతోషమే. కానీ జర్నైల్ సింగ్ పేరెత్తితే అందరిదీ ఒకటే పాట: తలకు కుట్లతో ఫార్వర్డ్‌గా దిగి ఫైనల్లో గోల్ కొట్టాడు. కొట్టాడు, కాదనను. దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచాం. మొదటిది పీకే బెనర్జీ, రెండోది జర్నైల్. కానీ ఆయన 1959 నుంచి 68 దాకా కలకత్తా క్లబ్ మోహన్ బగాన్‌కు ఆడింది స్టాపర్‌గా, అంటే డిఫెన్స్ మధ్యలో నిలబడి. ఫార్వర్డ్‌గా ఆడిన ఆ రెండు మూడు రోజులు ఆయన అసలు కెరీర్‌ను మింగేశాయి. ఆ గోల్ తీసేసి చూడండి. మన దేశపు నంబర్ వన్ డిఫెండర్ ఆయనే అనడానికి మీ చేతిలో ఏం మిగులుతుంది?

గుంటూరు గోలీ:
చాలానే మిగులుతుంది బ్రో. 1964లో అర్జున అవార్డు. అదే ఏడు ఆసియా కప్‌లో మనం రెండో స్థానం. అక్కడ కొరియాను 2-0తో, హాంకాంగ్‌ను 3-1తో కొట్టాం, ఇజ్రాయెల్ చేతిలోనే ఓడాం. ఆ తర్వాత ఇండియా కెప్టెన్. అన్నిటికన్నా పెద్దది, ఆసియా ఆల్‌స్టార్స్ జట్టుకు కెప్టెన్‌గా ఆయన్ని పెట్టుకున్నారు. ఖండమంతా వెతికి కెప్టెన్‌గా ఒక స్టాపర్‌ను ఎంచుకున్నారంటే ఒక్క గోల్ చూసి కాదు కదా.

వైజాగ్ వాదన:
నేను ఎదురు మాట్లాడతా, తిట్టుకోండి. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో డిఫెన్స్ మధ్యలో ఉన్నది జర్నైలే. హంగరీ చేతిలో 1-2, ఫ్రాన్స్‌తో 1-1, పెరూ చేతిలో 1-3. మూడు మ్యాచ్‌ల్లో ఆరు గోల్స్ పడ్డాయి. జకార్తాలో కూడా మొదటి మ్యాచ్ కొరియాతోనే, 0-2తో ఓడాం. అదే కొరియా మీద ఫైనల్లో ఆయన ముందుకెళ్లి ఆడితే గెలిచాం. లెక్క ప్రకారం చూస్తే రహీం గారు స్టాపర్‌ను వెనక నుంచి తీసేసి జట్టును కాపాడారు అనాలి!

గుంటూరు గోలీ:
@వైజాగ్ వాదన, ఆ హంగరీ జట్టులో ఫ్లోరియన్ ఆల్బర్ట్ లాంటి ఫార్వర్డ్ ఉన్నాడు సార్. వాళ్లు కంచు పతకం పట్టుకెళ్లారు. ఆ జట్టుకు 1-2తో ఓడిపోవడం కూడా డిఫెండర్ తప్పేనా? 1952లో హెల్సింకీలో యుగోస్లావియా మనకు పది గోల్స్ కొట్టింది. అక్కడి నుంచి ఇక్కడికి వచ్చామని చూడరేం?

బొల్లారం స్టాపర్:
పదిహేనేళ్లు లోకల్ లీగుల్లో స్టాపర్‌గా ఆడినవాణ్ని, నా మాట కూడా వినండి. థాయిలాండ్ మ్యాచ్‌లో జర్నైల్ తల పగిలింది, కుట్లు పడ్డాయి. సెమీఫైనల్ నుంచి రహీం సాబ్ ఆయన్ని ముందుకు పంపారు. అందరూ దీన్ని "అటాకింగ్ మాస్టర్‌స్ట్రోక్" అంటారు. నాకు మాత్రం ఇది డిఫెన్స్ గురించి తీసుకున్న నిర్ణయంలా కనిపిస్తుంది.

నాకూ ఓసారి కనుబొమ్మ మీద మూడు కుట్లు పడ్డాయి. వారం తిరక్కుండానే మ్యాచ్ ఆడా. చెమట కుట్లలోకి దిగితే కారం పెట్టినట్టు మండుతుంది. అది ఓర్చుకోవచ్చు. అసలు కష్టం ఏంటంటే, పైనుంచి బంతి వస్తుంటే మనకు తెలియకుండానే కన్ను మూసుకుంటుంది, మెడ పక్కకు తిరుగుతుంది. అర క్షణం అంతే. ఆ అర క్షణంలో నా వెనకున్న కుర్రాడు గోల్ కొట్టేశాడు. హాఫ్‌టైమ్‌లో మా కోచ్ ఏమీ అనలేదు, నా వైపు చూడను కూడా చూడలేదు.

ఫార్వర్డ్‌కు నచ్చని బంతిని వదిలేసే వీలుంది. మరో బంతి వస్తుంది. స్టాపర్‌కు ఆ వీలు లేదు, వచ్చిన ప్రతి బంతికీ తల పెట్టాల్సిందే. అందులోనూ అప్పటి తోలు బంతి తడిస్తే ఇటుకలా ఉండేది. మధ్యలో కుట్లు ఊడితే మార్చడానికి సబ్‌స్టిట్యూట్ కూడా లేడు. అందుకే ఆయన్ని తల తప్పనిసరిగా పెట్టక్కర్లేని చోటికి పంపారు. మంచి డిఫెండర్ అని నమ్మారు కాబట్టే, సగం డిఫెండర్‌గా దింపడం ఇష్టం లేకపోయింది.

డల్లాస్ తమ్ముడు:
అన్నా, ఇలా ఎప్పుడూ ఆలోచించలేదు. కానీ గాయపడ్డ మనిషిని బెంచ్ మీదే కూర్చోబెట్టొచ్చుగా? ముందుకు పంపడం ఎందుకు?

బొల్లారం స్టాపర్:
కాలేజీ రోజుల్లో ఫార్వర్డ్‌గా ఆడేవాడని అంటారు తమ్ముడూ. పైగా ఆ మనిషి ఒళ్లు, ఆ దూకుడు చూస్తే కొరియా డిఫెండర్లకే టెన్షన్. సెమీస్‌లో దక్షిణ వియత్నాం మీద 3-2తో గెలిచినప్పుడు కూడా ఒకటి కొట్టాడు, మిగతా రెండూ చునీ గోస్వామివి.

చార్మినార్ సెంటర్‌బ్యాక్:
మీరంతా పంజాబ్, కలకత్తా చుట్టూ తిరుగుతున్నారు. మన అజీజ్ సంగతేంటి? సయ్యద్ ఖ్వాజా అజీజుద్దీన్, హైదరాబాద్ సిటీ పోలీస్. 1950 నుంచి 54 దాకా బొంబాయిలో జరిగిన రోవర్స్ కప్ టోర్నీని వరసగా ఐదుసార్లు గెలిచిన టీమ్ అది. హెల్సింకీ, మెల్‌బోర్న్ రెండు ఒలింపిక్స్ ఆడాడు. మెల్‌బోర్న్‌లో మనం నాలుగో స్థానం దాకా వెళ్లాం. ఆయన కథలో తలకు కట్టు లేదు, ఫైనల్లో గోల్ లేదు. అందుకే ఈ థ్రెడ్‌లో ఇంతసేపటికి గానీ ఆ పేరు రాలేదు.

వైజాగ్ వాదన:
హెల్సింకీలో పది గోల్స్ పడ్డప్పుడు ఆయన జట్టులోనే ఉన్నాడు కదా అని అడగాలనుంది. అడగను. మా నాన్న అజీజ్ ఫ్యాన్, ఇంట్లో అన్నం పెట్టరు.

మల్కాజిగిరి మిడ్‌ఫీల్డర్:
బొల్లారం అన్న పోస్ట్ రెండుసార్లు చదివా. ఒక మాట వెనక్కి తీసుకుంటున్నా: ఆ గోల్‌ను తీసేసి చూడమన్నాను, అది తప్పు. ఆయన ముందుకు ఎందుకెళ్లాల్సి వచ్చిందన్నది డిఫెండర్ కథే. కానీ నా అసలు గొడవ అలాగే ఉంది. జర్నైల్ ముందుకెళ్తే వెనక మధ్యలో నిలబడింది అరుణ్ ఘోష్. ఫైనల్లో మనం ఇరవై నిమిషాల్లోనే 2-0తో ముందున్నాం. తర్వాతి గంటకు పైగా కొరియా వాళ్లు మీద పడుతుంటే ఆపింది ఎవరు? స్టేడియం నిండా మన మీద మండిపడుతున్న జనం. ఇండోనేషియా ఇజ్రాయెల్, తైవాన్‌లను రానివ్వనందుకు ఏషియన్ గేమ్స్ సమాఖ్యలో ఉన్న మన సోంధీ గారు అభ్యంతరం చెప్పారని అప్పటికే జకార్తాలో పెద్ద గొడవ. ఆ అరుపుల్లో ఆఖర్లో ఒక్కటే పడింది. అరుణ్ ఘోష్ పేరు మా ఆఫీసులో ఒక్కరూ ఎత్తలేదు.

గుంటూరు గోలీ:
నిజం చెప్పనా? అర్జున, ఆల్‌స్టార్స్ అని లిస్టు చదివిన నేనూ ఎత్తలేదు.

బొల్లారం స్టాపర్:
నేను కూడా. స్టాపర్‌ని అయ్యుండి.